తొంభై సెంటీమీటర్ల పందిరి: మా రోబోటిక్స్ జట్టు పిట్ డైరీ

నవంబరు 9, ఆదివారం

మా బడి రోబోటిక్స్ జట్టుకు ఈసారి పిట్ పందిరిని మేమే తయారు చేసుకోవాలని నిర్ణయించుకుని, ఈ రోజు బరంపురంలో మా ఇంటి వసారాలో కొలతల కాగితం పరిచాము. మోటారు పందేల్లో బండిని ఆపి చక్రాలు మార్చే చోటును పిట్ అంటారు. ఆ మాటే రోబో పోటీల్లోకీ వచ్చింది. మేము ఆడే ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో ఆట మొదలయ్యే వేళకు రోబో పొడవు, వెడల్పు, ఎత్తు ఏవీ 18 అంగుళాలకు మించకూడదు గనుక, రోబోను అట్టపెట్టెలో సర్ది ఒళ్ళో పెట్టుకుని కూడా తీసుకుపోవచ్చు. ఇబ్బందంతా తక్కిన సరంజామాతోనే. పనిముట్ల పెట్టెలు, బ్యాటరీలు చార్జి చేసే బల్ల, జట్టు పేరు, ఏడాది పొడవునా పిల్లలు చేసిన పనిని చూపే పటాలు, ఇవన్నీ ఒక చోట కుదురుగా ఉండాలి. న్యాయనిర్ణేతలు అక్కడికే వచ్చి పిల్లలతో మాట్లాడతారు కాబట్టి ఆ చోటు చూడముచ్చటగానూ ఉండాలి.

కిందటేడు అంగుళం చదరపు ఇనప గొట్టాలతో ఒక చట్రాన్ని వెల్డింగు చేయించాము. బ్యానరు కాక అదొక్కటే 24 కిలోలు తూగింది. ఏడేసి అడుగుల ముక్కలు రైలు పెట్టెలోకి ఎక్కవని ఒక పార్సిల్ సర్వీసులో వేస్తే, పోటీ ముగిసిన సాయంత్రానికి అది చేరింది. ఆ రెండు రోజులూ మా పిల్లలు ఒక బల్ల మీద చేతిరాత అట్టముక్క నిలబెట్టుకుని కూర్చున్నారు. ఆ ఇనుము ఇప్పుడు బడి సైకిల్ షెడ్డుకు ఆసరాగా ఉంది, ఆ పనికి మాత్రం బాగా పనికొచ్చింది.

ఈసారి నేను పెట్టిన షరతు ఒక్కటే: పందిరి మొత్తం మాతో పాటు అదే రైలు పెట్టెలో ప్రయాణం చేయాలి.

నవంబరు 12

ఇక్కడి నుంచి పోటీ జరిగే పుణెకు మేము ఎక్కేది కోణార్క్ ఎక్స్‌ప్రెస్. ఒక రాత్రి, దాని మీద ఒక పగలు ప్రయాణం. స్లీపరు క్లాసులో మనిషికి 40 కిలోల సామాను ఉచితం గనుక బరువు విషయంలో రైల్వే నిబంధన మాకు అడ్డు కాదు, కొలతే అడ్డు. ప్రయాణికుడు తన వెంట పెట్టెలో పెట్టుకునే సామాను పొడవు 100, వెడల్పు 60, ఎత్తు 25 సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే బ్రేక్‌వ్యాన్‌లో, అంటే రైలుకు ఉండే సామాన్ల పెట్టెలో, వేయాలి. ఏసీ త్రీటైర్‌లో ఈ హద్దు ఇంకా చిన్నది, 55, 45, 22.5 సెంటీమీటర్లు. అందువల్ల సంచి పిల్లలతో స్లీపర్లోనే వెళుతుంది, దానితో పాటు నేనూ వెళతాను.

నిర్వాహకులు పంపిన కాగితం ప్రకారం మాకు దొరికే స్థలం 10 అడుగుల చదరం; నేలలో మేకు దింపకూడదు, గోడకు తాడు కట్టకూడదు. నేను ఒక్కో గొట్టం ముక్కను 95 సెంటీమీటర్లుగా అనుకుని లెక్క వేశాను. కాగితాన్ని అటు తిప్పి చూస్తున్న పదో తరగతి అమ్మాయి, రెండు ముక్కలను కలిపే అతుకు, గొట్టం ముక్క చివర బయటికి పొడుచుకు వస్తుంది కదా, దాన్ని ఎక్కడ కలిపారు సార్ అని అడిగింది. కలపలేదు. అతుకు 15 సెంటీమీటర్ల పొడవు, అందులో సగం, అంటే 7.5 సెంటీమీటర్లు, బయట ఉంటుంది. 95కు అది కలిపితే 102.5, సంచి హద్దు దాటిపోతుంది. 90 తీసుకుంటే 97.5 అవుతుంది.

ఈ దిద్దుబాటు వల్ల ఇంకొక లాభం కలిసివచ్చింది. అల్యూమినియం గొట్టం బజారులో 12 అడుగుల బారుగా, అంటే దాదాపు 365 సెంటీమీటర్లుగా, దొరుకుతుంది. 95 చొప్పున కోస్తే బారుకు మూడు ముక్కలే వచ్చి 80 సెంటీమీటర్లు వృథా అయ్యేది. 90 చొప్పున కోస్తే నాలుగు వస్తాయి, రంపం తినే పొట్టుకు 5 సెంటీమీటర్లు మిగులుతుంది.

చివరికి తేలిన ఆకారం ఇది: వెడల్పు 2.7 మీటర్లు, లోతు 1.8, ఎత్తు 2.25. నాలుగు నిలువు గొట్టాలు, వాటి మీద ఒక చట్రం, వెనక వైపున నేల నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తులో ఒక అడ్డగొట్టం. మొత్తం 20.7 మీటర్లు, 90 సెంటీమీటర్ల ముక్కలు 21, 45వి 4.

నవంబరు 16, ఆదివారం

అల్యూమినియం కొనే ముందు చవకలో తేలుతుందేమో చూద్దామని నీళ్ళ పనివారు వాడే పీవీసీ గొట్టంతో పై చట్రం ముందు భాగాన్ని కట్టి చూశాము. మీటరుకు 200 గ్రాములే తూగింది గనుక పిల్లలు సంబరపడ్డారు. గుడ్డకు బదులు ఒక దుప్పటి వేలాడదీసేసరికి నడుమ భాగం పెళ్ళి పందిరి తోరణంలా కిందికి దిగింది.

"ఏటి సార్, ఇది ఒంగిపోతంది!" అన్నాడు నిచ్చెన పట్టుకున్న కుర్రాడు.

లెక్క ముందే వేసి ఉంటే ఆ శ్రమ తప్పేది. ఒకే పరిమాణంలో తీసుకుంటే పీవీసీ బరువు అల్యూమినియం బరువులో సగమే, కానీ వంగకుండా నిలిచే గుణం అల్యూమినియానికి 70 ఉంటే పీవీసీకి 3. మా 2.7 మీటర్ల నిడివికి 25 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం లెక్క ప్రకారమే 10 సెంటీమీటర్లు కుంగాలి; 25 మిల్లీమీటర్ల వ్యాసం, 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం గొట్టం అదే బరువుకు 7 మిల్లీమీటర్లు కుంగుతుంది. అల్యూమినియం గొట్టం మీటరుకు 300 గ్రాములు, కిందటేటి ఇనప గొట్టం 1,180 గ్రాములు.

వెదురు సంగతి కూడా మాట్లాడుకున్నాము. మా గంజాం, గజపతి, రాయగడ ప్రాంతాల్లో వెదురుకు కొదవ లేదు, ఇంత తేలికగా ఇంత గట్టిగా ఉండే వస్తువు మరొకటి దొరకదు. నిలువెత్తు బొంగుతో పందిరి వేయమంటే అదే వాడేవాళ్ళము. మాకు కావలసింది 90 సెంటీమీటర్ల ముక్కలు, ఏ రెండైనా కలిసే ముక్కలు. ఏ బొంగు లావు దానిది కావడంతో అది కుదరలేదు. నాకు మాత్రం మనసు పీకింది.

నవంబరు 19

ఆరు బారులు కొన్నాము. ఐదింటిలో 20 ముక్కలు, ఆరోదానిలో ఒక 90, నాలుగు 45లు. హ్యాక్సా బ్లేడ్లు మూడు అరిగాయి. కోసిన ప్రతి అంచునూ లోపలా బయటా ఆకురాయితో రుద్దించాను. పిల్లలకు ఇది విసుగు పుట్టించే పని, అయినా చేశారు.

నవంబరు 23, ఆదివారం

అతుకుల కోసం షామియానాలు కట్టేవారు వాడే ఇనప బిగింపులు అద్దెకు తెచ్చి, మొదటిసారి పందిరిని పూర్తిగా నిలబెట్టాము. కదలకుండా రాయిలా నిలిచింది. సంతోషంతో విప్పి తూకం వేస్తే గొట్టాలన్నీ కలిపి 6.2 కిలోలు, వాటిని కలిపే ఇనుము 8 కిలోలు!

నేనింత కాలం గొట్టం ఎంత పలుచనిది దొరుకుతుందా అనే ఆలోచనలోనే ఉండిపోయాను. ఈ పందిరిలో బారుగా కలిసే అతుకులు 16, మూలలు 4, అడ్డగొట్టం నిలువులను తాకే చోట్లు 2. ముక్క పొట్టిదయ్యే కొద్దీ అతుకులు పెరుగుతాయి, అతుకులు పెరిగితే బరువు అక్కడే పేరుకుంటుంది. రైలు కోసం ముక్కలను పొట్టి చేసుకున్నందుకు మేము చెల్లిస్తున్న సుంకమిది. ఇంకా తేలిక చేయాలంటే గొట్టాల జోలికి పోనక్కరలేదు, ఈ 22 చోట్లను పట్టుకోవాలి.

నవంబరు 25

మా నాన్నగారు వాకర్‌తో హాల్లో నడుస్తుంటే దాని కాళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాను. ఎత్తు సవరించుకోవడానికి గొట్టంలో గొట్టం, లోపలి గొట్టంలో వి ఆకారపు స్ప్రింగు, దానికి చిన్న బొత్తాం, బయటి గొట్టానికి వరసగా చిల్లులు. వేలితో నొక్కితే జారుతుంది, చిల్లు దగ్గరకు రాగానే టక్కుమని పైకి వస్తుంది. నట్టు లేదు, స్పానరు లేదు. పెద్దాయన బరువంతా రోజూ మోస్తున్నది ఆ గోరంత బొత్తామే.

కాలు ఒకటి ఊడదీసి చూస్తుంటే ఆయన మంచం మీద నుంచి, "నా వాకరు పీకేసి పందిళ్ళు కడతావేటిరా?" అన్నారు. బొత్తాన్ని కొలిచి, తిరిగి బిగించి ఇచ్చాను. వైద్య పరికరాలు అమ్మే దుకాణంలో అవే స్ప్రింగ్ బటన్లు విడిగా దొరికాయి, 20 తెచ్చాను.

నవంబరు 30, ఆదివారం

ఈ వారం పూర్తిగా అతుకుల పనికే పోయింది. మా గొట్టం బయటి వ్యాసం 25 మిల్లీమీటర్లు, మందం 1.5, కాబట్టి లోపల 22. అందుకని 22 మిల్లీమీటర్ల గొట్టం తెచ్చి 15 సెంటీమీటర్ల ముక్కలు 16 కోసి, దూర్చబోతే ఒక్కటీ దూరలేదు. 22లో 22 పట్టదని మూడో తరగతి పిల్లవాడైనా చెబుతాడు; కాగితం మీద రెండు అంకెలు ఒకేలా కనిపించేసరికి పెద్దవాడిని నాకు తట్టలేదు. సుత్తితో కొట్టి దూర్చిన ఒక ముక్క ఇప్పటికీ అందులోనే ఉంది, ఇక రాదు.

లేతు పనిచేసే మేస్త్రి దగ్గరకు తీసుకువెళ్ళాము. 2 మిల్లీమీటర్ల మందం గల గొట్టాన్ని చక్‌లో, అంటే లేతు పట్టులో, బిగిస్తే నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుందని ఆయన ముందే చెప్పి, ప్రతి ముక్క చివరా గుండ్రంగా చెక్కిన కర్ర బిరడా దిగ్గొట్టి, అప్పుడు పట్టించాడు. వ్యాసంలో 0.3 మిల్లీమీటర్లు తీశాడు. సన్నని వెండి దారంలా చుట్టలు చుట్టుకుంటూ పడుతున్న పొట్టును పిల్లలు ఏరి జేబుల్లో వేసుకున్నారు. ఇంటికి వచ్చి చేతితో నెడితే అతుకు గొట్టంలోకి గాలి బుస్సుమనిపిస్తూ జారింది. తూకం 50 గ్రాములు.

అతుకులో సగాన్ని ఒక గొట్టంలోకి దించి రెండు రివెట్లతో శాశ్వతంగా బిగించాము, రెండో సగానికి స్ప్రింగ్ బటన్. బటన్ కోసం చిల్లులు వేయడంలో ఒక పొరపాటు చేశాము. మొదటి నాలుగు జతలకు కంటి అంచనాతో గుర్తు పెట్టి డ్రిల్లు చేశాము. ఏ జతకు ఆ జత సరిగా కలిసింది, జత మారిస్తే బటన్ చిల్లులోకి రాలేదు. పోటీ స్థలంలో గొట్టం పోలిక పెట్టుకుంటూ వెతకడం కుదరదు కదా. అందుకని పిల్లలు గొట్టం చివర టోపీలా తొడిగే ఒక అచ్చును త్రీడీ ప్రింటర్‌లో తీశారు. దానికి అంచు నుంచి సరిగ్గా 40 మిల్లీమీటర్ల దూరంలో డ్రిల్లు ముక్కుకు దారి ఉంటుంది. ఆ తరువాత చేసిన పన్నెండు జతలు ఎటు కలిపినా కలుస్తున్నాయి. మొదటి నాలుగింటిలో మూడింటి చిల్లులను ఆకురాయితో కాస్త వెడల్పు చేసి దారికి తెచ్చాము. నాలుగోది సుత్తి దెబ్బ తిన్న ముక్క. దానికి బదులు ఆరో బారులో మిగిలిన 95 సెంటీమీటర్ల ముక్కను వాడాము. అతుకు ముక్క ఒకటి మాత్రం మళ్ళీ లేతు పట్టించవలసి వచ్చింది.

డిసెంబరు 4

మూలల ముక్కలు త్రీడీ ప్రింటర్‌లోనే తీయాలని మొదటి నుంచీ పిల్లల కోరిక. మూడు గొట్టాలు ఒకదానికొకటి లంబంగా వచ్చి కలిసే ముక్క ఇది, ఒక్కోదానికి దాదాపు తొమ్మిది గంటలు పట్టింది. మొదటిది పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో తీశాము. గొట్టం దూర్చి కాస్త మెలిపెట్టగానే పొర పొరకూ మధ్య చీలింది. ప్రింటర్ పొరల మీద పొరలు పేర్చుకుంటూ పోతుంది కాబట్టి పొర వెంబడి ఉన్న బలం పొరకూ పొరకూ మధ్య ఉండదు. ముక్కను నిలువుగా కాక మూడు గొట్టాలూ పీటకు ఏటవాలుగా ఉండేటట్టు తిప్పి తీస్తే ఏ ఒక్క గొట్టం లాగుడూ సూటిగా పొరల మధ్య పడదు. రెండోది అలాగే తీశాము, చీలలేదు.

ఆ రెండోదాన్ని నేను కారులో ముందు అద్దం కింద పెట్టి మరిచిపోయాను. సాయంత్రానికి ఒక రంధ్రం నోరు వంకర పోయింది. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరలోనే మెత్తబడుతుంది, ఎండలో నిలిపిన కారు లోపల ఆ వేడి మా ఊళ్ళో డిసెంబరులోనూ పుడుతుందని తెలిసింది. పీఈటీజీ అనే మరో ప్లాస్టిక్ 80 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. ఇప్పుడు నాలుగు మూలలూ, అడ్డగొట్టం పట్టే రెండు ముక్కలూ దానితోనే తీశాము: మూల ఒకటి 110 గ్రాములు, అడ్డముక్క 85. బిగించడానికి చేత్తో తిప్పే రెక్కల నట్లు.

ఆ 8 కిలోల ఇనుము స్థానంలో ఇప్పుడు ఉన్నది దాదాపు కిలోన్నర.

డిసెంబరు 7, ఆదివారం

తేలిక అతుకులతో పందిరి మొదటిసారి లేచింది. ఒక మూల మీద చెయ్యి వేస్తే చాలు, మొత్తం తాగినవాడిలా ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ రెండో పక్కకు ఒరుగుతోంది. ఇనప బిగింపులు బరువుతో పాటు తమ బిగువును కూడా తీసుకుపోయాయని అప్పుడు అర్థమైంది. రెక్కల నట్లను ఎంత తిప్పినా ఊగుడు ఆగలేదు.

మా వీధి చివర ఉండే పెద్దమేస్త్రి ఆ దారిన పోతూ ఆగాడు. రెండేళ్ళకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణీ యాత్ర జరిగినప్పుడు మా ఊళ్ళో వీధి వీధికీ నిలబెట్టే ఎత్తయిన రథాలను వెదురుతో, తాళ్ళతో కట్టేవారిలో ఆయన ఒకడు. చేతులు వెనక్కి పెట్టుకుని ఒక చుట్టు తిరిగి చూసి, "ముడి గట్టిగా వేస్తే ఆగదు బాబూ. ఏటవాలు లేదు, అందుకే ఊగతంది. నాలుగు కర్రల చదరం ఎటైనా ఒరుగుద్ది, మూడు కర్రలది ఒరగదు" అన్నాడు.

త్రికోణం గురించి పిల్లలకు నేను పాఠం చెప్పి నెల కాలేదు. పందిరి దగ్గరికి వచ్చేసరికి నాకే గుర్తు లేదు.

ఏటవాలుగా గొట్టం పెడితే మళ్ళీ బరువు. కానీ తాడు చాలు. ఒక్కో చదరానికి రెండు తాళ్ళు గుణకారపు గుర్తులా వేస్తే ఎటు ఒరిగినా ఏదో ఒకటి లాగి పట్టుకుంటుంది. వెనక గోడకు ఒక జత, రెండు పక్కలకు చెరొక జత, పై చట్రానికి ఒక జత. ముందు వైపు మనుషులు తిరగాలి గనుక ఖాళీగా వదిలాము. మూడు గోడలూ, మూతా బిగిస్తే నాలుగో వైపు తెరిచి ఉన్నా పెట్టె నిలుస్తుంది. మొత్తం తాడు 25 మీటర్లు.

తాడు బిగించే ముడిని మేస్త్రే నేర్పాడు. తాడు నడుమ ఒక ఉచ్చు వేసి, కొసను కింది కొక్కెం చుట్టూ తిప్పి పైకి తెచ్చి, ఆ ఉచ్చులోంచి దూర్చి కిందికి లాగితే, కప్పీ వేసి లాగినట్టు మనం పెట్టిన బలానికి రెండు మూడింతలు బిగుస్తుంది. లారీల మీద సరుకు కట్టేవారిదీ ఇదే ముడి. విప్పేటప్పుడు కొసను ఒక్క గుంజు గుంజితే ఊడిపోతుంది. తొమ్మిది మంది పిల్లలూ వసారా స్తంభానికి కట్టి విప్పి, కట్టి విప్పి, చీకటి పడేదాకా అదే పని.

నైలాన్ తాడుతో మొదలుపెట్టాము, పొద్దున్నకు సాగి వదులైంది. పాలిస్టరు తాడు అంతగా సాగదు; అదే ఖాయం చేశాము.

డిసెంబరు 11

వెనక తెర. 2.7 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల పొడవు, దాదాపు 6 చదరపు మీటర్లు. ఫ్లెక్సీ అయితే ఇంత వైశాల్యానికి 2.4 కిలోలు తూగుతుంది, మడతపెడితే గీతలు పడి విరిగినట్టు కనిపిస్తుంది. గుడ్డ మీద అచ్చు వేయిస్తే 660 గ్రాములే, పైగా చీరలా మడిచి సంచి అడుగున వేయవచ్చు. పై అంచును గొట్టం దూరేలా సంచీ కుట్టుగా కుట్టించి, కింది అంచుకు ఐలెట్లు, అంటే తాడు దూర్చే లోహపు కళ్ళు, వేయించాము.

బొమ్మ గురించి పిల్లలకూ నాకూ మాటా మాటా వచ్చింది. వాళ్ళు మంటలు కక్కే డ్రాగన్ కావాలన్నారు. పట్టు నేసే ఇంటి నుంచి వచ్చిన ఎనిమిదో తరగతి పిల్ల మాత్రం బరంపురం పట్టుచీర అంచులో గుడి గోపురాల్లా వరసగా లేచే కుంభాలను గీసి, దాని పక్కనే రోబో గేరు చక్రం పళ్ళను సాగదీసి గీసింది. రెండింటినీ పక్క పక్కన చూస్తే ఏది చీరో ఏది చక్రమో చెప్పడం కష్టం. డ్రాగన్ సంగతి ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు. తెర కింది అంచు పొడుగునా ఎడమ కొసన కుంభాలుగా మొదలై కుడి కొసకు గేరు పళ్ళుగా మారే పట్టీ వస్తుంది.

డిసెంబరు 14, ఆదివారం

గుడ్డ వచ్చింది, మేడ మీద నిలబెట్టాము, పడిపోయింది.

సముద్రం మీద నుంచి సాయంత్రం వచ్చే మామూలు గాలే. పెద్దగా వీచింది కూడా కాదు. తెర ఒక్కసారి పొట్ట ఉబ్బినట్టు వెనక్కి ఉబ్బి, ముందు కాళ్ళు రెండూ నేల విడిచి, పందిరి మొత్తం పిట్టగోడ మీదికి వాలింది. ఒక మూల ముక్క విరిగింది, ఒక స్ప్రింగ్ బటన్ ఎగిరి కింద మురుగు కాలువలో పడింది. గొట్టాలకు ఏమీ కాలేదు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటిన రాత్రిని చూసిన ఊరు మాది. ఆరు చదరపు మీటర్ల గుడ్డను గాలికి ఎదురుగా కట్టి, కాళ్ళకు ఏ బరువూ పెట్టకుండా చూస్తూ నిలబడ్డామని తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పిల్లలతో కూర్చుని లెక్క కట్టాము. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్ళీ 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడో తెలుస్తుంది. సెకనుకు 5 మీటర్లు, అంటే గంటకు 18 కిలోమీటర్ల గాలికి 15 న్యూటన్లు. మా తెరకు 90, అంటే దాదాపు 9 కిలోల తోపు. అది 1.2 మీటర్ల ఎత్తున తోస్తుంది, గుణిస్తే పడదోసే లెక్క 10.8. నిలబెట్టిన పందిరి బరువు తొమ్మిదిన్నర కిలోలు. ఆ బరువు వెనక కాళ్ళకు 0.8 మీటర్ల ముందు పడుతుంది, గుణిస్తే నిలబెట్టే లెక్క 7.6. పడక ఏం చేస్తుంది?

5 లీటర్ల ఖాళీ నూనె డబ్బాలు తీసుకుపోయి అక్కడ నీళ్ళు నింపుకుందామని ఒక కుర్రాడు అన్నాడు. ప్రయాణంలో బరువు లేని బరువు అది, అందరికీ నచ్చింది. రెండు డబ్బాలు నింపి, గాలి తోసేది వెనక్కి కదా అని వెనక కాళ్ళకే కట్టాము. గాలి రాగానే ముందు కాళ్ళు మళ్ళీ లేచాయి. వెనక కాళ్ళ మీద తిరిగే వస్తువుకు వెనక కాళ్ళ దగ్గరే బరువు పెడితే లాభం సున్నా. డబ్బాలను ముందు కాళ్ళకు మార్చాము: 10 కిలోలు, 1.8 మీటర్ల దూరం, 18 కలిసింది. ఇక కదలలేదు.

పోటీ హాలు లోపల ఇంత గాలి ఉండదు నిజమే. పెద్ద పెద్ద ఫ్యాన్లు ఉంటాయి, ఆనుకుని నిలబడే మనుషులూ ఉంటారు. నీళ్ళ డబ్బాలు బ్యాటరీల దగ్గర ఉండకూడదని విద్యుత్తు పని చూసే అమ్మాయి పట్టుబట్టింది, ఆమె మాటే సరైనది. చార్జింగ్ బల్లను వెనక మూలకు జరిపి, వెనక కాళ్ళ మీద పనిముట్ల పెట్టెలు పెట్టాలని నిర్ణయించాము.

డిసెంబరు 17

విరిగిన మూల ముక్క స్థానంలో కొత్తది తీశాము. ఈసారి గోడ మందం ఒక పొర పెంచాము. అదనంగా మరొకటి కూడా తీసి పెట్టుకున్నాము. కాళ్ళ కింద 15 సెంటీమీటర్ల ప్లైవుడ్ బిళ్ళలు, వాటి అడుగున పాత సైకిల్ ట్యూబు రబ్బరు.

డిసెంబరు 21, ఆదివారం

ఈ రోజు బడి హాల్లో పూర్తి సాధన. నేను ముక్కల మీద క, ఖ, గ అని ఓపికగా రాసుకుని వెళ్ళాను. ఐదుగురు పిల్లలు వాటిని చదవలేకపోయారు. మా పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడతారు, బడిలో ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరం వాళ్ళలో సగం మందికి రాదు. ఇది నాకు తెలియని సంగతి కాదు, అయినా గొట్టం పట్టుకుని బిక్కమొహం వేసిన పిల్లవాడిని చూసినప్పుడు కలుక్కుమంది. ఎనామిల్ రంగు తెచ్చి పట్టీలు వేశాము: నిలువులకు ఎరుపు, పై చట్రానికి నీలం, అడ్డగొట్టానికి పసుపు. అక్షరాలను చెరపలేదు, అక్కడే ఉంటాయి, చదవాలనిపించిన వాళ్ళు చదువుతారు.

మొదటిసారి నిలబెట్టడానికి 31 నిమిషాలు, మూడోసారికి 14. ఇద్దరు పై చట్రాన్ని నేల మీదే కలపాలి, నలుగురు మూలల దగ్గర నిలబడి ఒకేసారి ఎత్తాలి, అప్పుడు మిగిలినవాళ్ళు కింది ముక్కలను దూర్చాలి. నిలువులను ముందుగా నిలబెట్టి పైన కలపబోతే నిచ్చెన కావాలి, సమయం రెట్టింపు పడుతుంది. పై గొట్టం నడుమ కుంగుడు 18 మిల్లీమీటర్లు; లెక్కలో 7 రావాలి, తక్కినది అతుకుల వదులు. తెర పై అంచు మీద గీతలు లేవు గనుక కంటికి ఆనదు, అలాగే వదిలేశాను.

విప్పి, గుడ్డను అడుగున పరిచి, గొట్టాలను దాని మీద పేర్చి, తాళ్ళూ నట్లూ ఒక చిన్న సంచిలో వేసి, టెంటు గుడ్డతో కుట్టించిన పొడుగు సంచిలో సర్దాము. కూరగాయల కొట్టు నుంచి తెచ్చిన కొక్కెం కాటాకు తగిలిస్తే 10.4 కిలోలు. టేపు పెట్టి కొలిస్తే సంచి 98.5 సెంటీమీటర్లు. నూనె డబ్బాలు ఖాళీగా రోబో పెట్టె పక్కన ఇమిడాయి.

తెచ్చిన 20 స్ప్రింగ్ బటన్లలో 16 అతుకుల్లో ఉన్నాయి, ఒకటి కాలువ పాలైంది. మిగిలిన మూడింటినీ అగ్గిపెట్టెలో వేస్తుంటే మా నాన్నగారు వాకర్ కాలు ఒకటి చూపించి, ఇందులో బటన్ అరిగి జారిపోతోంది, అందులోంచి ఒకటి ఇలా పడేయమన్నారు. బిగించి ఇచ్చాను. అగ్గిపెట్టెలో ఇప్పుడు రెండున్నాయి.